డల్లాస్‌లో కుడి వైపంటే మనకు ఎడమ వైపు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా బాబుకి 16 నెలలు. 78 సెంటీమీటర్ల ఎత్తు, 10.5 కిలోల బరువు ఉన్నాడు. మావారి సొంతూరు విజయవాడ దగ్గర. నెలకోసారైనా కారులో వెళ్ళొస్తాం. ఈమధ్య డల్లాస్ నుంచి వచ్చిన మా ఆడపడుచు, వాళ్ళ పాపకి వాడిన కారు సీటు మాకోసం తెచ్చిచ్చింది. బాబు వెనక్కి తిరిగి కూర్చునేలా పెట్టమంది. కారులో ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు ఇంట్లో పెద్ద చర్చ. మా ఆడపడుచు వెనక కుడి వైపు అంటుంది. నేను చూసిన వీడియోల్లో అందరూ మధ్యలో పెట్టమంటున్నారు. ముందు సీట్లో పెడితే బాబు కళ్ళెదురుగా ఉంటాడని మావారంటారు. అత్తయ్యగారైతే అసలీ సీటే వద్దు, వాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానంటారు. మాది 2019 మోడల్ హ్యాచ్‌బ్యాక్. ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. వెనక మధ్య సీటుకి నడుము బెల్టు మాత్రమే ఉంది. అక్కడ పెట్టి చూస్తే ఎంత లాగి కట్టినా సీటు పడవలా ఊగింది. పైగా వెనక్కి తిప్పి కూర్చోబెడితే బాబు కాళ్ళు ముడుచుకుపోతున్నాయి. ముందుకు తిప్పేయొచ్చా? మావారు 6 అడుగులుంటారు, అది కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి. – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు సమాధానం చెప్పేస్తాను, ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. మీ కారులో ఆ సీటు వెనక ఎడమ వైపు, అంటే డ్రైవర్ పక్క సీటు వెనకాల పెట్టండి. బాబు వెనక్కి తిరిగే కూర్చోవాలి. ముందు సీట్లో మాత్రం వద్దే వద్దు.

మీ ఆడపడుచు చెప్పింది తప్పు కాదు. ఆవిడ డల్లాస్ లెక్కలో చెప్పింది. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది, బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. కారాపితే కుడి తలుపు పేవ్‌మెంట్ వైపు తెరుచుకుంటుంది. డ్రైవర్ వెనక కాకుండా, రోడ్డంచు వైపు పెట్టమనే ఆవిడ ఉద్దేశం. అదే మాటని మన రోడ్లకి తెచ్చుకుంటే కుడి కాస్తా ఎడమవుతుంది. మీరు సూర్యాపేట దగ్గర కారాపి బాబుని దింపుతున్నారనుకోండి. ఎడమ తలుపు తీస్తే టీ కొట్టు వైపు దిగుతారు. కుడి తలుపు తీస్తే వెనక నుంచి లారీలు దూసుకొచ్చే వైపు నిలబడి, వీపు రోడ్డుకి పెట్టి, వంగుని బక్కిల్ విప్పాలి. ఆ పని ఒక నిమిషంలో అయ్యేది కాదు. బాబు ఏడుస్తుంటే మూడు నిమిషాలు పడుతుంది. అమెరికా నుంచి వచ్చే సీటు పుస్తకాల్లో, వీడియోల్లో కారులో కుడి వైపు పెట్టాలి, ఎడమ వైపు పెట్టాలి అని ఉన్నచోట ఇలా తిరగేసి చదువుకోండి.

మీవారు 6 అడుగులుంటారని రాశారు కదా, ఎడమ వైపే అనడానికి అదే రెండో కారణం. వెనక్కి తిరిగిన సీటు బాగా చోటు తినేస్తుంది. దాని తల వైపు అంచు ముందు సీటు వీపు దాకా వస్తుంది. ఆరడుగుల మనిషి తన సీటుని బాగా వెనక్కి జరుపుకోకుండా కారు నడపలేడు. డ్రైవర్ వెనక బాబు సీటు పెడితే ఆయన మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతుంటాయి. మూడోరోజుకి విసిగిపోయి సీటు తీసి డిక్కీలో పడేస్తారు. ఇలా డిక్కీలోకి చేరిన సీట్లు చాలానే చూశాను.

ఇక మధ్య సీటు సంగతి. మీరు వీడియోల్లో విన్నమాటకి ఆధారం ఉంది. 2008లో అమెరికాలో, మూడేళ్ళలోపు పిల్లలు కారు సీట్లలో ఎక్కడ కూర్చున్నారు, ప్రమాదంలో ఎవరికెంత దెబ్బ తగిలిందని పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. వెనక పక్క సీట్లలో కూర్చున్నవాళ్ళ కంటే మధ్యలో కూర్చున్న పిల్లలకి గాయాల ప్రమాదం 43 శాతం తక్కువని తేలింది. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. పక్క నుంచి వచ్చి గుద్దిన బండి తలుపుని లోపలికి నొక్కుతుంది. మధ్యలో ఉన్నవాడు రెండు తలుపులకీ దూరంగా ఉంటాడు. కాబట్టి మధ్యలో సీటు గట్టిగా కూర్చునే కారున్నవాళ్ళు నిశ్చింతగా మధ్యలోనే పెట్టుకోవచ్చు.

ఆ "గట్టిగా కూర్చునే" అన్న దగ్గరే మీ కారు దెబ్బతీసింది. నడుము బెల్టు ఒక్కటే ఉండటం దానంతటదే లోపం కాదు. అమెరికా సీట్లలో చాలావాటిని వెనక్కి తిప్పి పెట్టేటప్పుడు నడుము బెల్టుతో కట్టొచ్చని వాటి పుస్తకాల్లోనే ఉంటుంది. చేత్తో లాగి బిగించే పాతకాలపు నడుము బెల్టు ఒక్కోసారి భుజం బెల్టు కంటే బాగా పట్టేస్తుంది కూడా. మీ దగ్గర అసలు చిక్కు, మధ్యలో సీటు ఉబ్బెత్తుగా ఉండటం అయ్యుంటుంది. మన చిన్న కార్లలో వెనక మధ్య భాగం మనిషి కూర్చోడానికన్నట్టు ఉండదు, రెండు సీట్ల మధ్య మిగిలిన గట్టులా ఉంటుంది. దాని మీద వెడల్పాటి సీటు పెడితే మీరన్నట్టు పడవే. బిగుసుకోని సీటు మధ్యలో ఉన్నా ఆ 43 శాతం మీ బాబుకి దక్కదు. పక్కన బిగుసుకున్నదే మేలు.

ఇక్కడ ఇంకో దొంగదారి కనిపిస్తుంది, దాని జోలికి వెళ్ళకండి. వెనక సీటు వీపుకీ కూర్చునే భాగానికీ మధ్య సందులో చెయ్యి పెడితే చాలా కార్లలో రెండు పక్కలా ఇనుప కడ్డీలు తగులుతాయి. వాటినే ఐసోఫిక్స్ అంటారు. ఎడమ జతలోంచి ఒక కడ్డీ, కుడి జతలోంచి ఒకటి తీసుకుని మధ్యలో సీటుకి తగిలించేద్దామని చాలామందికి తోస్తుంది. ఒకే జతలో రెండు కడ్డీల మధ్య దూరం 28 సెంటీమీటర్లు. ఆ కొలతకే సీటునీ, కారునీ పరీక్షిస్తారు. కారు పుస్తకంలో అలా పెట్టొచ్చని రాసి ఉంటే తప్ప పక్క జతల కడ్డీలు కలిపి వాడకూడదు.

ముందు సీటు గురించి మీవారికి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఆయన ప్రేమతోనే అడుగుతున్నారు. ఒకసారి ఆయన్ని ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టి, ఎండ తగలకుండా కిందికి దించుకునే పలకని కిందికి దించి చూడమనండి. దాని మీద ఒక స్టిక్కరుంటుంది. వెనక్కి తిరిగిన పిల్లల సీటు, ఎదురుగా ఉబ్బిన ఎయిర్‌బ్యాగు, దాని మీద ఎర్రటి అడ్డగీత. కొన్నేళ్ళుగా కళ్ళ ముందే ఉన్నా మనమెవరం దాన్ని చదవం. పెద్దవాళ్ళకైతే ఎయిర్‌బ్యాగు ఛాతీకి దూరంగా విచ్చుకుని మెత్తగా ఆపుతుంది. వెనక్కి తిరిగిన సీటైతే దాని వీపు డ్యాష్‌బోర్డుకి దాదాపు ఆనుకునే ఉంటుంది. రెప్పపాటు కంటే వేగంగా పేలే ఆ సంచీ నేరుగా బాబు తల వెనకున్న ప్లాస్టిక్ మీద పడుతుంది. అమెరికాలో 1990లలో, పెద్దవాళ్ళు బతికి బయటపడగలిగే చిన్న ప్రమాదాల్లో కూడా ఇలా పసిపిల్లలు చనిపోయారు. పిల్లల సీటు వెనకే ఉండాలన్న మాట అక్కడ అంత గట్టిగా పాతుకుపోయింది ఆ తర్వాతే. కొన్ని కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగుని తాళంచెవితో తిప్పి ఆపేసే స్విచ్ ఉంటుంది. అది వెనక పెట్టే వీల్లేనివాళ్ళకి. మీకు వెనక చోటుంది కదా.

"కనబడుతూ ఉంటాడు" అన్నదానికి ఇంకో జవాబు. మీవారు బండి నడుపుతూ బాబుని చూడక్కర్లేదు, రోడ్డుని చూస్తే చాలు. వెనక సీటు తలదిండుకి తగిలించే అద్దాలు అమ్ముతున్నారు. నాకవి పెద్దగా నచ్చవు. వాడు నిద్రపోయాడా లేదా అని అద్దంలో చూస్తూ ముందు బండి బ్రేకు వేసింది గమనించకపోతే ఏం లాభం? బాబుని చూసే పని వెనక వాడి పక్కన కూర్చున్నవాళ్ళకి వదిలేయమనండి.

అత్తయ్యగారి మాట తేలిగ్గా తీసేయకండి. ఆవిడ ఇద్దరు ముగ్గురిని ఒళ్ళోనే పెంచారు. కానీ అప్పటి బస్సు ప్రయాణాలకీ, ఇప్పుడు హైవే మీద గంటకి 100 దగ్గర పోయే కారుకీ చాలా తేడా ఉంది. ఆవిడకి ఒక లెక్క చెప్పండి. కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో, అంటే ఊళ్ళో నడిపే వేగంతో వెళ్తూ దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. ఆ క్షణంలో 10.5 కిలోల బాబుని పట్టుకుని ఆపాలంటే దాదాపు 150 కిలోల బరువు మోసినంత బలం కావాలి. మూడు సిమెంటు బస్తాలు. ఎంత ప్రేమున్నా ఆ బలం ఏ నానమ్మ చేతుల్లోనూ ఉండదు. ఒకే బెల్టులో ఇద్దరూ కూర్చుంటామంటే అది ఇంకా ప్రమాదం. ఆవిడ బరువంతా బెల్టుకీ తనకీ మధ్య ఉన్న బాబు మీద పడుతుంది. ఆవిడ చట్టమేం చెబుతోందని అడిగితే అదీ చెప్పండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194బి అని ఒక సెక్షనుంది. 14 ఏళ్ళు నిండని పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే నడిపినవాళ్ళకి వెయ్యి రూపాయల జరిమానా. అయినా వెయ్యి రూపాయలకి భయపడే వయసు కాదావిడది. సిమెంటు బస్తాల లెక్కే పనిచేస్తుందని నా అనుభవం.

ఆవిడకి ఒక ముఖ్యమైన పదవి కూడా ఇవ్వండి. బాబు ఎడమ వైపు, మధ్య చోటు ఖాళీ, కుడి వైపు నానమ్మ. వాడి మొహం డిక్కీ వైపు తిరిగి ఉంటుంది కాబట్టి పక్కనున్న మనిషికి బాగా కనిపిస్తాడు. బిస్కెట్టు అందించొచ్చు, వేలు పట్టుకోనివ్వొచ్చు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులుంటే ఇరుకైన ముందు సీటు కంటే అక్కడే హాయి. అప్పుడు ముందుకు జరిపిన ఎడమ సీట్లో మీరు కూర్చోవాలి. మీ ఛాతీకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య కనీసం అడుగు దూరం ఉండేలా చూసుకోండి. అంత చోటు మిగలకపోతే మీరూ వెనకే సర్దుకోవాల్సి వస్తుంది. ఆదివారం ఒకసారి అందరూ కారులో కూర్చుని చూసుకోండి, పండగ రోజు పొద్దున్నే గొడవ పడకుండా. వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి, ఇది నానమ్మకి ప్రత్యేకంగా చెప్పండి. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో చనిపోయిన టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. బెల్టు లేని పెద్ద మనిషి ప్రమాదంలో ఎగిరి పక్కనున్న పసివాడి మీద పడితే, ఎంత మంచి సీటు బిగించినా ఏం చేస్తుంది?

మీ కాళ్ళ ప్రశ్నకి వస్తాను. మిగతావాటన్నిటి కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. ఎందుకంటే ఎక్కడ పెట్టాలన్న దాని కంటే ఎటు తిప్పాలన్నది పెద్ద విషయం. ముందుకు తిప్పకండి. 16 నెలల పిల్లాడి తల వాడి ఒంటికి పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడలేదు. ముందుకు తిరిగి ఉన్నప్పుడు కారు గుద్దుకుంటే పట్టీలు భుజాల్ని ఆపేస్తాయి, తల మాత్రం ముందుకి విసిరినట్టు వెళ్తుంది. ఆ బరువంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల మూడూ కలిసి సీటు డిప్పలోకి ఒత్తుకుంటాయి, దెబ్బ ఒంటి మీదంతా పరుచుకుంటుంది. 1960లలో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయన, అమెరికా జెమినీ అంతరిక్ష నౌకల్లో వ్యోమగాములు వీపు మీద వాలి కూర్చోవడం చూసి, పిల్లలకి కూడా ఇలా చేస్తే బాగుంటుందనుకుని తయారు చేసిన నమూనా నుంచే ఈ సీట్లు వచ్చాయి. స్వీడన్‌లో నాలుగేళ్ళ దాకా కూడా పిల్లలు వెనక్కే తిరిగి కూర్చుంటారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో, సీటు అనుమతించే ఎత్తూ బరువూ దాటేదాకా వెనక్కే ఉంచమని చెప్పింది.

కాళ్ళు ముడుచుకుంటే ఏమవుతుంది? నేల మీద బాసింపట్టు వేసుకుని గంటలు గంటలు ఆడుకునే వయసు. వాడికది కష్టం కాదు, మనకే చూడటానికి కష్టం. ప్రమాదంలో కాళ్ళు విరుగుతాయేమోనన్న భయం కూడా తలకిందులుది. ముందుకు తిరిగిన పిల్లల కాళ్ళే విసురుగా వెళ్ళి ముందు సీటుకి తగులుతాయి. ఇంతకీ కొంతమంది, 9 కిలోలు నిండితే ముందుకు తిప్పేయొచ్చని చెబుతుంటారు. అది యూరప్ పాత ప్రమాణంలో కనీసంగా పెట్టిన హద్దు, చేరగానే తిప్పాల్సిన గమ్యం కాదు. అక్కడి కొత్త ప్రమాణం ప్రకారం 15 నెలలు దాటేదాకా తిప్పడానికే వీల్లేదు. మీ సీటు అమెరికాది కాబట్టి దాని స్టిక్కరు మీద వెనక్కి తిరిగి కూర్చునేందుకు హద్దు ఎన్ని పౌండ్లని ఉందో చూడండి. 40 పౌండ్లు అని ఉంటే 18 కిలోల దాకా అన్నమాట. మూడేళ్ళు దాటినా ఇలాగే కూర్చోవచ్చు. బరువు కంటే ముందు ఎత్తు అయిపోతుంది సాధారణంగా. బాబు నడినెత్తికీ సీటు పై అంచుకీ మధ్య 2.5 సెంటీమీటర్లు ఉన్నంతవరకూ బేఫికర్.

ఇప్పుడు బిగించడం. నా సొంత గొడవ ఒకటి చెబుతాను. మా మనవరాలికి మొదటి సీటు కొన్నప్పుడు, అమ్మిన దుకాణంలో కుర్రాడు రెండు నిమిషాల్లో పెట్టేశాడు. పాపకి రోడ్డు కనబడాలి కదండీ అంటూ ముందుకు తిప్పే పెట్టాడు. ఇంటికొచ్చాక నేను బెల్టు దూరిన చోట సీటుని పట్టుకుని ఊపాను. అరచెయ్యి వెడల్పున కదిలింది. ఆ రోజు నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను: ఎవరు బిగించినా ఆఖరికి ఊపి చూసేది మీరై ఉండాలి.

అమెరికా సీటుతో మన కారులో ఒక తిరకాసుంది. అక్కడి కార్లలో భుజం బెల్టుని పూర్తిగా బయటికి లాగి వదిలితే టకటకమంటూ లోపలికే పోతుంది, మళ్ళీ బయటికి రాదు. ఆ తాళం ఉంటుందన్న నమ్మకంతోనే చాలా సీట్లు చేస్తారు. మన కార్ల బెల్టుల్లో సాధారణంగా అది ఉండదు. గట్టిగా కుదుపు వచ్చినప్పుడే పట్టుకుంటాయి, మామూలప్పుడు వదులుగా జారుతూనే ఉంటాయి. మీరు కష్టపడి బిగించినా నార్కట్‌పల్లి చేరేసరికి సీటు వదులైపోతుంది. సీటుకే బెల్టుని నొక్కిపట్టే క్లాంపు ఉంటే సరే. లేకపోతే బెల్టు వదిలేసి, సీటుతో వచ్చిన కొక్కేల పట్టీని ఐసోఫిక్స్ కడ్డీలకి తగిలించండి. అమెరికాలో దాన్ని లాచ్ అంటారు. కడ్డీల దూరం రెండు చోట్లా ఒకటే, కాబట్టి సరిపోతుంది. ఎడమ వైపే అనడానికి ఇది నా మూడో కారణం: మీ కారులో ఒక జత కడ్డీలు సూటిగా అక్కడ ఉండి ఉంటాయి. సీటు, బాబు కలిపి 65 పౌండ్లు, అంటే 29 కిలోల పైచిలుకు దాకా ఆ కడ్డీలు వాడొచ్చని లెక్క. బాబు ఎన్ని కిలోల దాకా ఉండొచ్చో సీటు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. కొక్కేలూ బెల్టూ రెండూ కలిపి కట్టకండి, పుస్తకం కట్టమంటే తప్ప.

కారుని చదునైన చోట నిలపండి. ముందు ఎడమ సీటుని పూర్తిగా ముందుకి జరిపి, పిల్లల సీటుని వెనక్కి తిప్పి పెట్టండి. ఇలాంటి సీట్లకి పట్టీ దూర్చే దారులు రెండుంటాయి. వెనక్కి తిరిగినప్పటిది బాబు తొడల కింద ఉంటుంది, ముందుకు తిరిగినప్పటిది వీపు వెనక. ఈ రెంటినీ తారుమారు చేయడమే అందరూ చేసే పొరపాటు. తొడల కింది దారిలో పట్టీ దూర్చి, రెండు కొక్కేలూ టక్కుమనేదాకా కడ్డీలకి తగిలించండి. ఆపైన ఒక చేత్తో సీటు మధ్యలో బలంగా నొక్కుతూ రెండో చేత్తో పట్టీ తోకని లాగండి. చెయ్యి చాలకపోతే మోకాలు ఆనించండి. మీవారి ఆరడుగులు ఇక్కడ పనికొస్తాయి. ఇప్పుడు పట్టీ దూరిన చోటే పట్టుకుని అటూ ఇటూ ఊపండి. 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. తల వైపు అంచు కాస్త కదులుతుంది, అది మామూలే, దాన్ని చూసి బెంగపడకండి. సీటు పక్కన గీసిన గీత నేలకి సమాంతరంగా ఉండాలి. ఉండకపోతే కింద టవలు చుట్ట పెట్టొచ్చేమో పుస్తకంలో చూడండి. పై భాగంలో వేలాడే పొడవాటి పట్టీ ఉంటే, చాలా సీట్లలో అది ముందుకు తిరిగినప్పటికే. ఎగిరి తగలకుండా మడిచి దాని స్థానంలో తగిలించెయ్యండి. సీటు అంచు ముందు సీటుకి కాస్త తాకొచ్చా, తాకకూడదా అన్నది కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఒత్తుకోవడం మాత్రం వద్దు.

బాబు పట్టీలు వెనక్కి తిరిగినప్పుడు భుజాలకి సమంగా గానీ, కాస్త కిందుగా గానీ మొదలవ్వాలి. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. పొట్ట మీదికి జారితే పనికిరాదు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో పట్టి చూడండి, మడత వస్తే ఇంకాస్త లాగాలి. బాబు కింద బొంతలూ దిండ్లూ పరచకండి, నానమ్మ కుట్టినదైనా సరే. ప్రమాదంలో అవి నలిగిపోయి పట్టీ ఒక్కసారిగా వదులవుతుంది. చలేస్తే పట్టీలు కట్టాక పైన దుప్పటి కప్పండి.

ఆ సీటు విమానంలో లగేజీతో వచ్చిందా? అయితే తిరగేసి ప్లాస్టిక్‌లో ఎక్కడైనా బీటలున్నాయేమో చూడండి. అడుగున గానీ వీపున గానీ తయారైన తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చో అచ్చు వేసి ఉంటుంది. మీ ఆడపడుచు వాళ్ళ కారుకి ఎప్పుడైనా ప్రమాదం జరిగిందేమో మొహమాటపడకుండా అడగండి. అడిగే చనువున్న మనిషి సీటే కాబట్టి మీకిది తీసుకోమంటున్నాను. తెలియని వాళ్ళ దగ్గర పాత సీటు అయితే వద్దనేదాన్ని.

ఇంకో చిన్న సంగతి, నెలకోసారి విజయవాడ వెళ్తామన్నారు కాబట్టి. వెనక్కి తిరిగిన పిల్లలకి ఎండ మన కంటే వేరుగా తగులుతుంది. మీరు వెళ్ళేది తూర్పుగా. మధ్యాహ్నం బయల్దేరితే సూర్యుడు కారు వెనక ఉంటాడు, అంటే వెనక అద్దంలోంచి నేరుగా బాబు మొహం మీదే. తెల్లవారుజామున బయల్దేరితే వాడి వీపు వైపు ఉంటాడు, వాడు హాయిగా నిద్రపోతాడు. తిరుగు ప్రయాణం దీనికి సరిగ్గా ఎదురు, మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టండి. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి వెళ్ళేటప్పుడు ఎండ ఎక్కువగా కుడి వైపు పడుతుంది, ఎడమనున్న బాబుకి నీడ. వచ్చేటప్పుడు ఎడమ అద్దానికి వలలాంటి తెర తగిలించుకోండి. రెండుసార్లూ ఎండ మీవారి కళ్ళలో పడుతుంది, ఆయనకో మంచి చలవ కళ్ళద్దాలు కొనివ్వండి.